పదకొండు పొరల అచ్చు

బూట్లు కుట్టే మేస్త్రికి మనుషుల మొహాలు గుర్తుండవు, కాళ్ళు గుర్తుంటాయి. వీధిలో ఎవరైనా "బాగున్నారా మేస్త్రిగారూ" అని పలకరిస్తే ముందు కిందికి చూస్తాడు. కాలు పోల్చుకున్నాక తలెత్తి "ఆ, మీరా!" అంటాడు. ఇందులో ఆయనకి సిగ్గేమీ లేదు, పైగా గర్వం. ముప్ఫయ్యేళ్ళుగా కొలత తీసి బూట్లు కుడుతున్నవాడికి ఆ మాత్రం గర్వం లేకపోతే ఎలా అంటాడు.

కొట్టు చిన్నదే. ముందు గదిలో ఒక బల్ల, ఒక స్టూలు, కిటికీ పక్కన కుట్టుమిషను. వెనక గోడ నిండా చెక్క అచ్చులు జతలు జతలుగా తాళ్ళకి వేలాడుతుంటాయి. కొలత ఇచ్చిన ప్రతి మనిషి కాలికీ మేస్త్రి ఒక అచ్చు చెక్కుతాడు, దాని మీద తోలు బిగించి బూటు కుడతాడు. ప్రతి అచ్చు మడమ మీదా ఎవరిదో గుర్తు రాసి ఉంటుంది. "పొడుగు లాయరు", "బ్యాంకు పెద్దమ్మ", "సైకిళ్ళ కొట్టు చిన్నోడు". ఆ చిన్నోడికి ఇప్పుడు మనవలున్నారు, అది వేరే సంగతి. అచ్చులకి పైన గోడ మీద ఎర్రరంగుతో మేస్త్రే రాసుకున్న మాట ఒకటుంది: "పాత కొలతకి కొత్త బూటు కుట్టబడదు." ఎవరైనా "పోయినేడాదే కదండీ కొలిచారు" అని నసిగితే చాలు, గోడకేసి వేలు చూపించి, "కాలు రాయి కాదండీ, మారుతూ ఉంటుంది. పెట్టండి" అంటాడు.

ఒక్క జత మీద మాత్రం ఏ గుర్తూ లేదు. అది ఆయన భార్యది.

ఆవిడ ఇంటింటికీ ఉత్తరాలు పంచే ఉద్యోగం చేస్తుంది. ఆ చుట్టుపక్కల తొమ్మిది వీధుల్లోనూ ఆవిడ పేరు ఉత్తరాలమ్మే. ఉద్యోగం వచ్చిన వారంలోనే, తిరగడానికి గట్టి బూట్లు కావాలని ఈ కొట్టుకే వచ్చింది. మేస్త్రి కొలత తీశాడు, అచ్చు చెక్కాడు, బూట్లు కుట్టాడు. రెండో జత కోసం ఆవిడ వచ్చినప్పుడు నీళ్ళు నములుతూ పెళ్ళి మాట ఎత్తాడు. సొంత భార్య అయ్యాక ఇంక కొలతేమిటి? చూపుతోనే తెలుస్తుంది కదా అనుకున్నాడు.

పెళ్ళయిన నాలుగేళ్ళకి ఆవిడ కుడికాలి బొటనవేలి మొదట్లో, లోపలి పక్కన, చిన్న గుబ్బ లేచింది. వాళ్ళ అమ్మకీ ఉండేదట. మేస్త్రి దాన్ని బొటనవేలితో తడిమి చూసి, అచ్చు మీద సరిగ్గా ఆ చోట ఒక పల్చటి తోలు ముక్క అంటించాడు. అచ్చు అక్కడ లావైంది, దాంతో బూటులో గుబ్బకి చోటు దొరికింది. రెండేళ్ళకి గుబ్బ పెరిగింది, ఇంకో ముక్క పడింది. అలా అలా పదకొండు ముక్కలు ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. ఈలోగా వేలు పూర్తిగా పక్కవేలి మీదకి వాలిపోయింది. అయినా పైనుంచి చూస్తే ఆ బూటు లోపల వంకర కాలుందని కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. దాన్ని మించిన పని తన చేతి మీద ఇంకోటి లేదని మేస్త్రి లోలోపల మురిసిపోయేవాడు.

పన్నెండో ముక్కకి బంక రాస్తుండగా ఉత్తరాలమ్మ కొట్టులోకి వచ్చి స్టూలు మీద కూలబడింది.

"ఇంక అంటించకండి" అంది.

"అంటే?"

"అంటే ఏముంది, ఆపరేషన్ చేయించుకుంటాను. డాక్టరమ్మకి చూపించుకునే వచ్చాను. ఎక్స్‌రే కూడా తీశారు."

ఇన్నేళ్ళుగా వండిపెడుతున్న మనిషితో, రేపట్నుంచి బయట తింటానని చెప్పినట్టుంది మేస్త్రికి. ముక్కు ఎర్రబడింది.

"నా బూటు ఉండగా నీకు కత్తెందుకు? ఎక్కడ నొక్కుతోందో చెప్పు, సరిచేస్తాను."

"బూటు నొక్కట్లేదండీ. కాలే నొప్పి."

పక్క కొట్టులో బట్టలు కుట్టే మరదలు ఈ మాటలు విని, సూది పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది. బావ మీద ఒక మాట విసరకపోతే ఆవిడకి ముద్ద దిగదు.

"నీ బూటు బంగారమే బావా, కాదన్నదెవరు? కానీ అందులో ఉండేది అక్క కాలు. నీ చెక్క కాదు."

"నువ్వూరుకోవమ్మా!" అని మేస్త్రి కసిరాడు. మర్నాడు మాత్రం భార్య పాత బూటు ఒకటి సంచిలో వేసుకుని, ఆవిడని వెంటబెట్టుకుని, ఆ డాక్టరమ్మతోనే తేల్చుకుంటానని బయల్దేరాడు.

డాక్టరమ్మ సన్నగా, చురుగ్గా ఉంది. మాట తక్కువ. ఎక్స్‌రే వెలుగులో పెట్టి చూపించింది. బొటనవేలి వెనకున్న పొడుగాటి ఎముక రెండో పాదం వైపు వాలిపోయింది, వేలేమో దానికి ఎదురు తిరిగి పక్కవేలి వైపు వాలింది. మేస్త్రి ఇంతకాలం గుబ్బ అనుకున్నది గుబ్బే కాదు, పక్కకి పొడుచుకొచ్చిన ఎముక చివర. ఆయన సంచిలోంచి బూటు తీసి బల్ల మీద పెట్టాడు. సాక్ష్యం అన్నమాట.

డాక్టరమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంది. లోపల చెయ్యి పెట్టి తడిమింది. అడుగు వంచి చూసింది. ఎముకకి ఎదురుగా తోలు లోపల గుంటలా ఉన్న చోట వేలు ఆగిపోయింది.

"ఎవరు కుట్టారిది?"

"నేనే" అన్నాడు మేస్త్రి, ఛాతీ కాస్త ముందుకొచ్చింది.

"ఇంత వంకర వేలితో రోజుకి పన్నెండు కిలోమీటర్లు ఎలా నడిచిందా అని నేను నిన్నట్నుంచి బుర్ర బద్దలు కొట్టుకుంటున్నా. ఇదా సంగతి!" అంది డాక్టరమ్మ. తర్వాత బూటు మెల్లిగా కింద పెట్టింది. "కానీ మేస్త్రిగారూ, బూటు ఎముకకి చోటివ్వగలదు, వెనక్కి తేలేదు. మీరు నొప్పిని ఆపుతూ వచ్చారు. వంకరని ఆపడం మీ వల్లా కాదు, ఏ బూటు వల్లా కాదు. ఇప్పుడు లోపల కీలు కూడా అరుగుతోంది."

మేస్త్రికి ఒకేసారి మెడలో దండ పడ్డట్టూ ఉంది, చేతిలో పని లాక్కున్నట్టూ ఉంది. బూటు పక్కకి జరిపి అడిగాడు:

"ఎక్కడ కోస్తారు?"

డాక్టరమ్మ కాగితం మీద పెన్సిల్‌తో గీసింది. ఇక్కడ ఎముక కోస్తాం, చివరి భాగాన్ని ఇలా పక్కవేలి వైపు జరుపుతాం, రెండు స్క్రూలు బిగిస్తాం, వేలు నిటారుగా నిలబడుతుంది. మేస్త్రి కుర్చీ ముందుకి లాక్కున్నాడు. రంపం పన్ను ఎంత సన్నం? జరిపాక అంచు నున్న చేస్తారా? స్క్రూలు మళ్ళీ తియ్యాలా? "మామూలుగా అక్కర్లేదు, ఇబ్బంది పెడితే తీస్తాం" అంది డాక్టరమ్మ. ఇద్దరూ ఆ కాగితం మీదకి వంగిపోయారు. కాలు ఎవరిదో ఆవిడ పక్కనే కూర్చుని ఉందన్న సంగతి ఇద్దరికీ గుర్తులేదు.

"ఆరు వారాలు మేమిచ్చే గట్టి అడుగు చెప్పుతోనే నడవాలి. వాపు నెలల తరబడి వచ్చిపోతుంటుంది. కొత్త బూట్లకి తొందరపడకండి" అని చివర్లో చెప్పింది డాక్టరమ్మ. మేస్త్రి తల ఊపాడు. కానీ అప్పటికి ఆయన మనసంతా రంపం మీదే ఉంది.

ఇంటికొస్తూ భార్యతో ఒక్క మాటే అన్నాడు: "ఆవిడ పనిమంతురాలు." ఆ నోటి నుంచి ఆ మాట ఇంకెవరి గురించీ ఉత్తరాలమ్మ వినలేదు.

అసలు చిక్కు ఉత్తరాలమ్మ ఆఫీసు దగ్గర వచ్చింది. అక్కడి పెద్దాయన మంచివాడే, నియమాల దగ్గర మాత్రం ససేమిరా కదలడు. కాలికి ఆపరేషన్ అయినవాళ్ళు మళ్ళీ వీధుల్లోకి వెళ్ళాలంటే ఆయన్ని వెంటబెట్టుకుని ఒక రోజు మొత్తం రౌండు నడిచి చూపించాలి. తొమ్మిది వీధులు, గుట్ట మీది డెబ్బై రెండు మెట్లు, లిఫ్టు లేని నాలుగంతస్తుల మేడలు రెండు. మధ్యాహ్నం ఒంటిగంటలోపు చివరి ఉత్తరం చివరి గుమ్మంలో పడాలి. పడకపోతే ఉద్యోగం పోదు కానీ, మిగిలిన ఆరేళ్ళూ ఆఫీసు వెనక గదిలో బల్ల ముందు కూర్చుని ఉత్తరాలు వేరుచెయ్యడమే.

"అదీ గౌరవమైన పనే" అంది ఉత్తరాలమ్మ ఆ సాయంత్రం, గ్లాసులో మంచినీళ్ళ కేసి చూస్తూ. "కానీ నేను చెయ్యలేనండీ. ఏ ఇంట్లో కుక్క కరుస్తుందో, ఏ ముసలాయనకి ఉత్తరం చదివిపెట్టాలో, ఎవరు గుమ్మంలోనే నిలబడి ఎదురుచూస్తుంటారో నాకు తెలుసు. ఆ గదిలో కూర్చోబెడితే ఇవన్నీ తెలిసి ఏం లాభం?"

"నువ్వు ఒంటిగంటకి కాదు, పన్నెండున్నరకే వస్తావు. బూట్లు నాకొదిలెయ్" అన్నాడు మేస్త్రి.

ఆపరేషన్ సవ్యంగా జరిగింది. ఆ గంటన్నరా మేస్త్రి వరండాలో కూర్చుని, వచ్చేపోయేవాళ్ళ కాళ్ళన్నీ చూపుతోనే కొలిచేశాడు. ఉత్తరాలమ్మ ఇంటికొచ్చింది, ఆరు వారాలు ఆసుపత్రి చెప్పు వేసుకుని మడమ మీద బరువు మోపుతూ ఇల్లంతా తిరిగింది. ఆ చెప్పేమో పలకకి పట్టీలు కట్టినట్టుండేది. బూట్ల మేస్త్రి ఇంట్లోంచి అలాంటిది వీధిలోకి వెళ్ళడం చూసి ఆయనకి తల కొట్టేసినట్టుండేది. "బావా, నీ కొత్త మోడలా?" అని మరదలు అడిగిన ప్రతిసారీ మొహం పక్కకి తిప్పుకునేవాడు.

నెలలు గడిచాయి. కట్లు పోయాయి, నడక కుదిరింది, వదులు గుడ్డ బూట్లతో వీధి చివరిదాకా వెళ్ళొస్తోంది. వేలు తీగ లాగినట్టు నిటారుగా ఉంది. పెద్దాయన గురువారం అని రోజు చెప్పేశాడు.

మేస్త్రి ఎవరికీ చెప్పకుండా భార్య అచ్చు దించాడు. కత్తి మొన వేడి చేసి పదకొండు ముక్కలూ ఒక్కొక్కటే ఊడదీశాడు. పారెయ్యడానికి చెయ్యి రాలేదు, గుండీల డబ్బాలో వేశాడు. అన్నీ పోయాక అడుగున మొదటి చెక్క బయటపడింది. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట తను చెక్కిన వంపు చెక్కు చెదరలేదు. గుబ్బ పోయింది కాబట్టి కాలు మొదటికొచ్చింది, ఆ మొదటి అచ్చు ఇదిగో తన చేతిలోనే ఉంది. ఇంతకంటే సులువైన పని ఇంకేముంటుందని ఉబ్బిపోయాడు. వారం రోజులు కూర్చుని, ఎప్పుడూ కుట్టనంత అందంగా కుట్టాడు. సోమవారం పొద్దున కొత్త జత బల్ల మీద పెట్టి, భార్యని పిలిచాడు.

ఉత్తరాలమ్మ కళ్ళు మెరిశాయి. తొడుక్కుంది. గుమ్మం దాకా నడిచి వెనక్కొచ్చింది.

"చాలా బావున్నాయండీ."

మేస్త్రి ఆవిడ మొహం చూడలేదు. చూసి ఉంటే నమ్మేసేవాడేమో. చూసింది కాళ్ళని. కుడిపాదం వెలుపలి అంచు మీద పడుతోంది, మడమ ఆనీ ఆనకుండానే లేచిపోతోంది. బూటు కరుస్తున్నప్పుడు మనిషి అలా నడుస్తాడు. కొన్ని వేలమంది నడక చూసిన కళ్ళు ఆయనవి.

"విప్పు."

"బావున్నాయంటున్నాను కదా!"

"విప్పమన్నానా!"

విప్పింది. వేలు మొదట్లో ఏ కందూ లేదు, అక్కడ బూటు చక్కగా కూర్చుంది. కానీ చిటికెనవేలు కందిపోయింది, పాదం పైన తాడు బిగించినట్టు ఎర్రటి చార. అప్పటికే గుమ్మంలో నిలబడి అంతా చూస్తున్న మరదలు, ఈసారి నవ్వకుండా అడిగింది:

"బావా, అక్క కాలు ఎప్పుడు కొలిచావు?"

ఆయన లెక్కపెట్టక్కర్లేదు. "కొట్టుకి మొదటిసారి వచ్చినప్పుడు."

మరదలు తలెత్తి గోడ మీది ఎర్ర అక్షరాలు పైకి చదివింది. మెల్లిగా, కూడబలుక్కుంటూ చదివింది. దారినపోయే ప్రతివాడికీ వేలు చూపించి చెప్పిన మాట, మేస్త్రి సొంత ఇంట్లో ఒక్కసారీ పాటించలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు వీధులు తిరిగిన కాలు సాగదా? అరికాలు కిందికి దిగదా? ఇన్నాళ్ళూ ఆ పదకొండు ముక్కలిచ్చిన వదులే ఈ తేడాని దాచింది. దాని మీద వాపొకటి. వాపు గురించి డాక్టరమ్మ మొహం మీదే చెప్పింది కూడా.

"అన్నేళ్ళూ నా కాలెలా ఉందని మీరు నన్ను అడగలేదండీ. మీ చేతి బొటనవేలిని అడిగారు" అంది ఉత్తరాలమ్మ. కోపంగా కూడా అనలేదు, అందుకే అది ఇంకా గట్టిగా తగిలింది. "పోనీలెండి. గురువారం ఈ గుడ్డ బూట్లతోనే వెళ్తాను."

"వాటితో మెట్లెక్కితే మడమ జారుతుంది. ఇంకా మూడు రోజులుంది. కొలత తీస్తాను."

"తీయండి మరి" అని ఆవిడ కాలు చాపింది.

"ఇప్పుడు కాదు. పొద్దుటి కాలు అబద్ధం చెబుతుంది. నెమ్మదిగా నీ తొమ్మిది వీధులూ తిరిగి రా, సాయంత్రం కొలుస్తాను."

సాయంత్రం ఆవిడ చెమటతో తిరిగొచ్చింది. మేస్త్రి నేల మీద కాగితం పరిచి, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బరువంతా వేసి నిలబడమన్నాడు. పాదం చుట్టూ పెన్సిల్ తిప్పాడు. పట్టీ చుడుతూ చోటుచోటుకీ ఆగి అడిగాడు: ఇక్కడ? ఇక్కడ బిగువుగా ఉందా? మెట్లెక్కేటప్పుడు ఎక్కడ లాగుతుంది? ఆవిడ మొదట "ఏమో" అంది, తర్వాత వివరంగా చెప్పింది, తర్వాత ఇంక ఆపలేదు. అన్నీ ఆ కాగితం మీదే రాసుకున్నాడు. వేలి పక్కన ఆపరేషన్ గీత సన్నగా, తెల్లగా ఉంది. దాన్ని వేలితో తాకీ తాకకుండా తాకి, "కుట్టు చూడు, ఎంత సమంగా వేసిందో మహాతల్లి" అన్నాడు. కాలు పాత కొలత కంటే అరంగుళం పొడుగు, వేలెడు వెడల్పు ఎక్కువ ఉంది. ఇదే ఆవిడ కాలు. ఇది ఆయనకి కొత్త కాలు.

కొత్త చెక్క చెక్కే వ్యవధి లేదు. పాత అచ్చుకే ముందు కొసన, వెలుపలి పక్కన, పాదం పైభాగాన కొత్త తోలు ముక్కలు అంటించాడు. గుబ్బ ఉన్న చోట ఒక్కటీ లేదు. మెత్తటి తోలు, గట్టి అడుగు, వాపు వస్తే వదులు చేసుకోవడానికి వేళ్ళ మొదలు దాకా తాళ్ళు. మిగిలిన రెండు రోజులూ కొట్టు తలుపు ఓరగా వేసి, వచ్చినవాళ్ళని వచ్చినట్టే పంపేశాడు. మరదలు మధ్యాహ్నాలు వచ్చి తాళ్ళకి రంధ్రాలు పొడిచిపెట్టింది. నోరు మెదపకుండా పనిచెయ్యడం ఆవిడ జీవితంలో అదే మొదలు.

గురువారం వచ్చింది. ఉత్తరాలమ్మ బూట్లు తొడుక్కుని రెండడుగులు వేసి, సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. ఆవిడ రౌండులో చివరి గుమ్మం ఈ కొట్టే. మేస్త్రి తొమ్మిదింటికి గడియారం చూశాడు, తొమ్మిదీ అయిదుకి చూశాడు. పదిన్నరకి మెట్ల దగ్గర ఉంటుంది. పదకొండున్నరకి మేడల దగ్గర. పన్నెండున్నర అయింది. వీధి మొదట్లో ఎవరూ లేరు. పావుతక్కువ ఒంటిగంట అయింది. పని సాగక, తోలు పొడిచే ఆరె కింద పెట్టేశాడు.

అప్పుడు మలుపులో కాళ్ళు కనిపించాయి. కుడిపాదం తిన్నగా పడుతోంది. మడమ ఆనుతోంది, వేలు నేలని నొక్కుతోంది, ఆ తర్వాతే లేస్తోంది. అది ఎవరి నడకో ఒక్క క్షణం మేస్త్రి పోల్చుకోలేదు. తలెత్తి చూశాడు. ఆవిడే.

వెనకాల ఆఫీసు పెద్దాయన కుంటుతూ వస్తున్నాడు. పరీక్ష కదా అని ఆ రోజు కోసం కొనుక్కున్న కొత్త బూట్లు వేసుకున్నాడు, తళతళలాడేవి. వస్తూనే స్టూలు మీద కూలబడి ఒకటి పీకేసుకున్నాడు. మడమ మీద బొబ్బ.

"మెట్ల దగ్గర నా కోసం ఈవిడ రెండుసార్లు ఆగాల్సొచ్చిందండీ. లేకపోతే పన్నెండున్నరకే వచ్చేవాళ్ళం" అన్నాడు రొప్పుతూ. "ఇంక ఈ వీధులు ఈవిడవే. కాగితం నేను రాసేస్తాను."

ఉత్తరాలమ్మ ఇంకా ఉద్యోగంలోనే ఉంది. సంచిలో చెయ్యి పెట్టి, మిగిలిన ఒకే ఒక్క ఉత్తరం తీసి, కొత్తవాళ్ళకి ఇచ్చినట్టు అందించింది.

"మేస్త్రిగారూ, మీకేనండీ."

కవరు మీద రాత ఆవిడదే. సోమవారం సాయంత్రం, కొలత తీసిన తర్వాత, తన ఆఫీసు పెట్టెలోనే వేసిందట. గురువారం ఉదయం వీధులకి వెళ్ళే కట్టలోకి అది వచ్చేలా చూసుకుంది. మేస్త్రి చింపి చదివాడు.

"ఈ ఉత్తరం నా చేత్తో మీకు అందిందంటే బూట్లు సరిపోయినట్టే. బల్ల ముందు కూర్చోవాల్సి వస్తే దీన్ని ఇంకెవరో తెస్తారు, అప్పుడు కూడా ఇదే మాట. గుండీల డబ్బాలో మీరు దాచిన పదకొండు ముక్కలూ చూశాను, పారెయ్యకండి. నేను ఇరవై రెండేళ్ళు నడిచింది వాటి మీదే. ఎముక డాక్టరమ్మ సరిచేసింది. అంతదాకా నన్ను నడిపించింది మీరు."

మేస్త్రి రెండుసార్లు చదివాడు. కళ్ళు తుడుచుకోవడానికి కూడా సిగ్గుపడలేదు. తర్వాత కొత్త పొరల అచ్చు తీసి, పెన్సిల్ అందుకుని, మడమ మీద "ఉత్తరాలమ్మ" అని పెద్ద అక్షరాలతో రాశాడు. పక్కన తేదీ వేశాడు.

పెద్దాయన బొబ్బ ఊదుకుంటూ కాలు ముందుకి చాపాడు. "మేస్త్రిగారూ, నాకూ ఒక కొలత తీసిపెట్టండి."

"సాయంత్రం రండి" అన్నాడు మేస్త్రి, అలవాటుకొద్దీ గోడకేసి వేలు చూపిస్తూ. "ముందు మా ఆవిడ కాలు చూడాలి, పన్నెండు కిలోమీటర్లు నడిచొచ్చింది." భార్య ముందు మోకాళ్ళ మీద కూర్చుని, తాళ్ళు వదులు చేస్తూ అడిగాడు: "ఎక్కడైనా నొక్కిందా?"